సగం కంచం

అరవ నెల పెరటాసిలో రెండో శనివారం పొద్దున భక్తవత్సలం స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, దాంట్లోకి తన మూత్రం చుక్కలు చుక్కలుగా వదిలాడు. కొయ్య పట్టకారుతో గొట్టాన్ని మంట మీద వాలుగా పట్టుకుని మెల్లిగా అటూ ఇటూ ఆడించాడు. గొట్టం మూతి గోడ వైపు ఉండాలి, మన వైపు ఉంటే పొంగి మొహాన పడుతుంది. ఈ సంగతి డాక్టరు ఆయనకి ఒకసారి చెప్పాడు, ఆయన ఇంట్లోవాళ్ళకి వందసార్లు చెప్పాడు. మందు బుడబుడలాడింది. నీలం నీలంగానే నిలిచింది. ఆకుపచ్చకి తిరిగితే ఒంట్లో చక్కెర కొంచెం ఉన్నట్టు, పసుపుకి తిరిగితే బాగా ఉన్నట్టు, ఇటికరంగుకి వచ్చిందంటే ఇక చెప్పేదేం లేదు.

"తాయారూ! ఇట్టొచ్చి చూడు. అచ్చం కృష్ణపరమాత్ముడి రంగు" అని కేకేశాడు.

వంటింట్లోనుంచి ఆయన భార్య తాయారు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి చూసింది. పొద్దున లేస్తే ఆమెకి ఇదొక దర్శనం. "బాగుండాది" అని మళ్ళీ లోపలికి పోయింది. పోయేటప్పుడు కుడి కాలు కొంచెం ఈడ్చింది. ఆయన గొట్టం వైపే చూసుకుంటున్నాడు.

చక్కెర జబ్బు వచ్చినవాళ్ళు దిగులుపడతారు. భక్తవత్సలం మాత్రం అరవయ్యో ఏట కొత్త ఉద్యోగంలో చేరినట్టు చేరాడు. లేవగానే మెంతుల నీళ్ళు, తరవాత స్టేడియం చుట్టూ నడక, వచ్చి రాగి జావ, రాత్రికి దీపాలు పెట్టే వేళకే భోజనం, తొందరగా నిద్ర. మెంతులు నానబెట్టేది తాయారు, జావ కాచేది తాయారు. సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చుంటే గోరువెచ్చని నీళ్ళతో పాదాలు కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచి, ఎక్కడైనా గీత పడిందా, పొక్కు లేచిందా అని వెతికేది కూడా తాయారే. చక్కెర ఉన్నవాళ్ళకి కాలి పుండు మానదని, ఒక్కోసారి వేలే తీసేస్తారని డాక్టరు చెప్పినప్పట్నించి ఆ పని ఒక్కరోజు తప్పలేదు. ఆమె రాత్రిళ్ళు పదేపదే లేచి మంచినీళ్ళు తాగుతోందని, తన నిద్ర చెడుతోందని ఆయన విసుక్కుంటే, పడక వంటింటి పక్క గదిలోకి మార్చుకుంది కూడా. ఇంత జరిగినా "నా ఆరోగ్యం నేనే సంపాదించుకున్నా" అని ఆయన అంటాడు. అడిగినవాళ్ళతో అంటాడు, అడగనివాళ్ళని ఆపి మరీ అంటాడు.

ఆ పొద్దున నడకలో గోపాలస్వామి ఆయన పక్కన చేరాడు. రైల్వేలో చేసి రిటైరైనవాడు, చూలైలో వీళ్ళ వీధికి వెనక వీధే.

"వత్సలన్నా, గాంధీ జయంతి నాడు మన సంఘంలో ఆరోగ్యం మింద మీరు మాట్లాడాల. అందరూ మీ పేరే చెప్తా ఉండారు."

"నేనేం మాట్లాడేదప్పా? పురసవాక్కం అంగట్లో గుడ్డలు కొలిచే వాణ్ణి" అన్నాడు గానీ ఆయన నడక ఉన్నట్టుండి జోరందుకుంది.

"మీరు చేసేదే చెప్పండన్నా. చూడండి నా పొట్ట. తగ్గించుకో అంటారు. కంచంలో పెట్టినాక ఎట్ట తగ్గించేది?"

భక్తవత్సలం ఆగాడు. ఈ ప్రశ్న కోసమే ఆయన పుట్టినట్టున్నాడు. "తినేదాంట్లో సగం తిను అన్నాడు డాక్టరు. అందరూ ఏం చేస్తారు? సగమే పెట్టించుకుంటారు. యజమాని కంచం వెలితిగా ఉంటే అది ఇల్లేనా? నేను నిండా పెట్టించుకుంటా. నెయ్యి పోయించుకుంటా. పాయసం చేసుంటే అదీ పెట్టమంటా. కళ్ళారా చూస్తా. సగం తింటా, మిగతాది వేలితో అట్ట పక్కకి తోసి లేచి పోతా. అదప్పా నాలికని గెలిచేది!"

"సభాష్" అన్నాడు గోపాలస్వామి. "ఇదే చెప్పండి ఆడ."

మధ్యాహ్నం పెరటాసి భోజనం. వెంకటేశ్వరస్వామికి పిండిదీపం పెట్టి, చక్కెర పొంగలి, వడలు, పులిహోర నైవేద్యం చేశారు. కోడలు హైమ వడ్డించింది. కొడుకు సుందరం అంగట్లో ఉన్నాడు, అతనికి క్యారియరు పోయింది. పొంగలి మీద నెయ్యి మడుగు కట్టింది, జీడిపప్పులు తేలుతున్నాయి. భక్తవత్సలం దాన్ని ప్రేమగా చూశాడు. ఒక ముద్ద తిన్నాడు. వడ విరిచి సగం తిన్నాడు. పులిహోర, చారన్నం సగం సగం తిన్నాడు. వేలితో మిగతాదంతా కంచం అంచుకి తోసి, హైమ వైపు చూసి, "చూస్తివా?" అని లేచాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, అంగడికి బయల్దేరాడు.

వీధి మలుపు దాకా పోయాక కళ్ళజోడు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చాడు. కళ్ళజోడు వంటింటి గూట్లో ఉంది, భోజనానికి కూర్చునేటప్పుడు తీసి పెట్టాడు.

వంటింటి గుమ్మం దగ్గర ఆయన కాళ్ళు ఆగిపోయాయి.

తాయారు ఆయన కంచం ముందర కూర్చుని తింటోంది. ముప్పయ్యెనిమిదేళ్ళుగా తాను తిని లేచిన కంచంలోనే ఆమె తింటుందని ఆయనకి తెలుసు. తన అమ్మ పెట్టిన ఆచారమే అది. పెళ్ళయిన కొత్తలో ఆమె కోసమని ఒక గారె ముక్కో, గుప్పెడు పప్పన్నమో కావాలని వదిలేవాడు కూడా. తెలిసిన సంగతే. కానీ ఎప్పుడూ చూడలేదు. చెయ్యి కడుక్కున్న మొగవాడు వెనక్కి తిరిగి కంచం వైపు చూస్తాడా?

చక్కెర పొంగలి మొత్తం తింది. ఇష్టంగా తినటంలేదు, పనిలా తింటోంది. గడ్డకట్టిన నెయ్యిని వేలితో గీకి నోట్లో పెట్టుకుంది. సగం వడ, ఆ పులిహోర, ఆ చారన్నం. మధ్యలో చెంబెత్తి నీళ్ళు గటగటా తాగింది. కుడి కాలు ముందుకి చాపి పీట మీద పెట్టుకుంది. బొటనవేలికి పాత గుడ్డ చుట్టి ఉంది, గుడ్డ మీద పసుపు మరకలు, ఒక ఈగ.

"ఏందది?" అన్నాడు.

తాయారు ఉలిక్కిపడి కాలు చీర కిందకి లాక్కుంది. "మీరు అంగడికి పోలేదా?"

"కాలికేమైందంటా ఉండా."

"రోటి కాడ పొత్రం తగిలింది. పసుపు పెట్టినా. అదే పోతాది."

"ఎప్పుడు తగిలింది?"

తాయారు కంచం దగ్గరికి లాక్కుంది. గిన్నెలు సర్దుతున్న హైమ చెప్పింది: "ఆడి నెలలో మామా. నేను చెప్పినా వినలే. పరవాలేదు, పరవాలేదు అంటారు."

ఆడి పోయింది, ఆవణి పోయింది, పెరటాసి సగం కావస్తోంది. సాయంత్రం ఆయన పాదాలు కడగడానికి నేల మీద కూర్చునేటప్పుడు ఆ కాలు ఎక్కడ పెట్టుకునేదో! ఆయనకి గుర్తు రాలేదు. కళ్ళజోడు తీసుకుని అంగడికి పోయాడు. ఆ రోజు రెండుసార్లు జాకెట్టు గుడ్డ తప్పు కొలిచాడు.

ఆదివారం పొద్దున అడిగాడు. "ఒకసారి నీది కూడా పరీక్ష చేద్దాం. చిన్న సీసాలో పట్టియ్యి."

"ఛీ! ఆ పాడు పని నేను చెయ్యను" అని తాయారు మొహం తిప్పుకుంది. తరవాత తలస్నానమంది, ఆ తరవాత బట్టలున్నాయంది.

ఆమె మీద గెలవలేక భక్తవత్సలం ఇంకో ఉపాయం చేశాడు. మధ్యాహ్నం భోజనంలో ఏమీ వదల్లేదు. పప్పన్నం, వంకాయ కూర, గడ్డపెరుగు, కంచం తుడిచి తిన్నాడు. నేను వదిలితే కదా ఆమె తినేది, మిగల్చకపోతే సరిపోయె అనుకున్నాడు. తాయారు మొహం విప్పారింది.

"ఈ పొద్దు ఆకలిగా ఉండారే! చూసి ఎన్నాళ్ళైందో" అని ఇంకో గరిటె అన్నం పెట్టి, నెయ్యి పోసింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టేలోపే పడిపోయింది. అది కూడా తిన్నాడు. ఆయాసపడుతూ తిన్నాడు. చివరికి ఆమె ఖాళీ కంచంలో తనకని మళ్ళీ వడ్డించుకుంది. ఎంత పెట్టుకుందో చూశాడు. అలవాటైన చెయ్యి, నిండుగానే పెట్టుకుంది.

సోమవారం పొద్దున గొట్టంలో మందు ఆకుపచ్చకి తిరిగింది.

"అయ్యో, ఏమైంది?" అని తాయారు గుండెల మీద చెయ్యేసుకుంది. "నా వల్లే. నిన్న నేనే గదా పెడితిని. పాపిష్టిదాన్ని!"

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే ఆయనకి ఎక్కడైనా దూరి దాక్కోవాలనిపించింది. ఆకుపచ్చకే ఇంత ఏడుస్తా ఉంది, నేను ఆమె కాలు వైపు ఇన్ని నెలలు చూడనేలేదే అనుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. ఇంతలో వీధిలో నీళ్ళ లారీ హారను మోగింది. తాయారు బిందె చంకనేసుకుని కుంటుతూ పరిగెత్తింది. ఆమె వెనకే హైమ ఇంకో బిందెతో పోయింది. ఆయన పడక్కుర్చీ పక్కన నిలబడి, తానూ ఒక బిందె తీసుకోవచ్చునా అని ఆలోచించేలోపు లారీ పోయింది.

మంగళవారం హైమ పట్టుబట్టింది. "అత్తా, మీరు ఇయ్యకపోతే నేను మా అమ్మగారింటికి పోతా, అంతే!" అని బెదిరించింది. అది ఉత్త బెదిరింపేనని ఇద్దరికీ తెలుసు, అయినా తాయారు ఒప్పుకుంది. హైమ సీసాని కొంగు చాటున తెచ్చి, కిటికీ అరుగు మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడింది.

భక్తవత్సలం స్పిరిట్ దీపం వెలిగించాడు. మందు పోశాడు, చుక్కలు వదిలాడు, మంట మీద పట్టాడు. మూతి గోడ వైపు పెట్టటం మరిచిపోయాడు. నీలం ఒక్క క్షణం నిలిచింది. అడుగు నుంచి పచ్చగా పొగలాగా లేచింది. అది పసుపైంది, నారింజైంది. గొట్టం దించేలోపు మొత్తం చిక్కగా, మట్టిగా, ఇటికరంగుకి తిరిగి అడుగున పేరుకుంది.

గొట్టం సరిగా కడగలేదేమో అనుకున్నాడు. సున్నంతో తోమి, వేడినీళ్ళతో కడిగి, మళ్ళీ చేశాడు. ఈసారి ఇంకా త్వరగా తిరిగింది.

"ఏం రంగు మామా?" అంది హైమ.

ఆయన గొట్టాన్ని పిడికిట్లో మూసుకున్నాడు. కాలింది, అయినా వదల్లేదు. సగం తిని లేచిన ప్రతి పూటా కళ్ళ ముందుకొచ్చింది. తాను గెలిచానని చెప్పుకున్న నెయ్యి, పాయసం, పొంగలి అన్నీ యాడికి పోయాయి? వేలితో పక్కకి తోస్తే మాయమైపోతాయా? ఇన్నాళ్ళూ తన చేత్తో ఆమెకే కదా పెట్టాడు, రోజుకి రెండు పూటలా, దగ్గరుండి.

"ఏమే తాయారూ" అన్నాడు వంటింట్లోకి పోయి. "వొద్దని పారెయ్యగూడదా? ఎందుకు తింటివి అదంతా?"

తాయారు ఆయన్ని వింతగా చూసింది. కోపం లేదు, అదే ఆయన్ని చంపేసింది. "మీ కంచంలోది పారేస్తానా? నేను తినకపోతే ఇంకేం చేసేది?"

ఆ సాయంత్రం డాక్టరు ఆనందన్ ఆమె కాలి గుడ్డ విప్పాడు. ఎండిపోయిన గుడ్డ పుండుకి అంటుకుంటే నీళ్ళు చల్లి, కొద్దికొద్దిగా లాగాడు. వేలు కొన నల్లబడి ఉంది. సూదితో తాకాడు. ఆమెకి తెలియలేదు.

"ఏం తింటావమ్మా?" అని తమిళంలో అడిగాడు.

భక్తవత్సలం అలవాటుకొద్దీ నోరు తెరిచాడు. కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"ఆయన తిన్నాక తింటాను" అంది తాయారు.

"ఎప్పుడని కాదమ్మా. ఏం తింటావని."

ఆమె మొగుడి వైపు చూసింది. మొగుడు నేల వైపు చూశాడు.

డాక్టరు ఇంజెక్షను రాశాడు, కట్టు కట్టాడు. బయటికి వచ్చేటప్పుడు ఆయన్ని ఒక్కణ్ణి ఆపి, "పది రోజులు చూస్తాను. మానితే అదృష్టం. లేకపోతే వేలు తీయాలి. వేలుతో ఆగాలంటే ఆమె తిండి మారాలి. మీకు చెప్పేదేముంది, మీకన్నీ తెలుసుగా" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం.

గాంధీ జయంతి నాడు గోపాలస్వామి ఉతికిన జిబ్బా వేసుకుని వచ్చాడు. "కుర్చీలు వేసేసినారన్నా. పదండి."

"నేను రాలేనప్పా. ఇంట్లో పని ఉండాది."

"ఇప్పుడు చెప్తే ఎట్టన్నా? ఆ సగం కంచం సంగతి ఒకటి చెప్పి వచ్చేద్దురుగాని!"

"అది ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు భక్తవత్సలం. మాట గట్టిగా వచ్చింది. గోపాలస్వామి బిత్తరపోయి, చెప్పులేసుకుని పోయాడు.

ఇంట్లో పని నిజంగానే ఉంది. రాత్రంతా ఆలోచించి ఆయన ఒక తీర్మానానికి వచ్చాడు: తనకి నయం చేసిన పద్ధతే తాయారుకీ నయం చేస్తుంది. మధ్యాహ్నం పక్కపక్కన రెండు పీటలు వేయించాడు.

"నేను మీ పక్కన కూచునేదా?" అని తాయారు సిగ్గుపడింది. "నాకు కంచమేది?"

ఎవరూ ఆ సంగతి అనుకోలేదు. హైమ అటక మీద నుంచి చుట్టాలకని ఉంచిన ఎవర్‌సిల్వర్ స్టీలు కంచం దించి కడిగింది. ఇద్దరికీ నిండుగా వడ్డించింది. తాయారు ఆయన మొదలుపెట్టేదాకా ముద్ద ముట్టలేదు. ఆయన పక్కనుండి ఒక్కొక్కటీ చెప్పాడు. ఇంతే కలుపుకో. ఇది చాలు. మిగతాది ఇట్ట వేలితో పక్కకి తొయ్యి. కళ్ళారా చూసి లేచిపో. ఆమె బడికెళ్ళే పిల్లలాగా చెప్పినట్టల్లా చేసింది. సగం తింది, సగం తోసింది. ఆయన గుండెల మీద బరువు దిగినట్టయింది. ఇంతే కదా, ఇంత సులువే, ఆమె బాగుపడుతుంది, వేలు నిలుస్తుంది అనుకుని సంతోషంగా దొడ్లోకి పోయి చెయ్యి కడుక్కున్నాడు. తాయారు చెయ్యి మీద ఆయనే నీళ్ళు పోశాడు.

తిరిగొచ్చేసరికి హైమ కూర్చుని ఉంది. ఆయన కంచంలో మిగిలింది అత్త కంచంలోకి ఒంపుకుంది. రెండు సగాలూ కలిపి పెద్ద ముద్ద చేసి నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"హైమా!"

ముద్ద ఆగింది. "ఏం మామా? ఏమైనా కావాల్నా?"

"అది తినొద్దు."

"మరి దీన్నేం చేసేది?" అంది హైమ. ఎగతాళి లేదు, నిజంగానే తెలియక అడిగింది. పోయిన వారమే ఆమెకి మూడో నెల అని తెలిసింది.

భక్తవత్సలం వంగి ఆమె ముందునుంచి కంచం తీసుకున్నాడు. దొడ్లోకి పోయి పాలవాడి ఆవుకని ఉంచిన కుడితి తొట్టిలో ఒంపాడు. నెయ్యి కలిసిన అన్నం నీళ్ళ మీద విడిపోయి తేలింది. తాయారు గుమ్మంలోనుంచి "అయ్యయ్యో! మీ చేత్తో అన్నం పారబోస్తిరే!" అని ఏడుపు గొంతుతో అరిచింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె ఆయన మీద గొంతెత్తింది అదే మొదలు.

"తప్పే" అన్నాడు. "మహా తప్పు. ఇంక మీదట ఈ ఇంట్లో ఎవురి కంచంలో వాళ్ళు, తినేంత పెట్టుకోండి. నాకు సగమే పెట్టండి. చాలకపోతే నేనే అడుగుతా."

"యజమాని కంచం..." అని తాయారు మొదలుపెట్టింది.

"వెలితిగా ఉండనీ."

హైమ కంచం కడిగి, తనకి వేడన్నం వేరే పెట్టుకుంది.

దీపాలు పెట్టాక మూడు పీటలు పడ్డాయి. చపాతీలు, సొరకాయ కూర. ఆయన కంచంలో చపాతీలు మధ్యలో చిన్నగా, బిక్కుబిక్కుమంటూ కనిపించాయి. ఎంత మెల్లిగా తిన్నా అయిపోయాయి. కూర తుడిచి తిన్నాడు. ఆకలి తీరలేదు. ఎన్నో నెలలుగా ఆయన వద్దనటం నేర్చుకున్నాడు, పుట్టిన తరవాత ఎన్నడూ కావాలని అడిగి ఎరగడు. అడిగేలోపే వచ్చి పడేది. ఇప్పుడు మాట గొంతులో అడ్డం పడింది. తాయారు పక్కనే తింటోంది. చిన్న చిన్న తుంపులు తుంచి, కుడి దవడకే పెట్టుకుని, చాలాసేపు నమిలి మింగుతోంది. ఎడమ పక్క ఆమెకి పళ్ళు లేవు. అవి ఎప్పుడు ఊడాయో ఆయనకి తెలియదు.

"హైమా, ఇంకొక్క చపాతీ..." అన్నాడు చివరికి.

హైమ గిన్నె మూత తీసి చూసింది. అత్త కంచం వైపు చూసింది.

"అత్తకి సరిపోయిందా చూసి పెడతా మామా. కొంచెం ఉండండి."

"సరి" అన్నాడు భక్తవత్సలం. తాయారు తొందరపడబోయింది. "నువ్వు మెల్లిగా తిను" అని, చెయ్యి ఎండిపోతుండగా ఖాళీ కంచం ముందర అట్లాగే కూర్చున్నాడు.